పీఎస్5, ఎక్స్‌బాక్స్, స్విచ్: వైఫై దగ్గర దేని సత్తా ఎంత

ముందు తీర్పు, తర్వాత కారణాలు. గేమ్ కన్సోళ్ళలో, కేబుల్ లాగకుండా వైఫై మీదే ఆడదామనుకునేవాళ్ళకు సోనీ పీఎస్5 (ప్లేస్టేషన్ 5) మంచి ఎంపిక. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ దాని వెనకే ఉంటాయి. వాటి వైఫై రేడియో ఒక తరం పాతదే అయినా ఆట చెడగొట్టదు. నింటెండో స్విచ్ 2 కూడా ఫర్వాలేదు. 2017లో వచ్చిన మొదటి స్విచ్‌ని మాత్రం ఆన్‌లైన్ ఆటలకు వైఫై మీద నమ్ముకోలేం, దానికి నెట్ కేబుల్ గుచ్చుకునే ల్యాన్ అడాప్టర్ కొనాల్సిందే. సెకండ్ హ్యాండ్‌లో మొదటి తరం పీఎస్4 తీసుకుంటున్నవాళ్ళు టీవీ దాకా కేబుల్ లాగే వీలుందో లేదో చూసుకున్నాకే డబ్బులివ్వండి.

ఇంకో సంగతి. కన్సోల్‌లో ఎంత మంచి వైఫై ఉన్నా, ఇంట్లో బిగించిన ఫైబర్ బాక్స్ (నెట్ కంపెనీ ఇచ్చే రౌటర్) నాసిరకమైతే అది అక్కరకు రాదు. ల్యాగ్ (ఆట ఆగి ఆగి నడవడం) వస్తోందని కన్సోల్‌ని తిట్టుకునే చాలా ఇళ్ళలో అసలు లోపం ఆ బాక్స్‌లోనో, దాన్ని పెట్టిన చోటులోనో ఉంటుంది. అందుకే ఈ రివ్యూలో కన్సోళ్ళ గురించి ఎంత ఉందో, వాటి చుట్టూ ఉన్న సరంజామా గురించీ అంతే ఉంది.

అంకెల్లో అసలెంత

వైఫై 5 అంటే 802.11ఏసీ, వైఫై 6 అంటే 802.11ఏఎక్స్. రెండు యాంటెన్నాలతో, 80 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానల్ మీద వైఫై 5కి లింక్ స్పీడు గరిష్ఠంగా 866 ఎంబీపీఎస్, వైఫై 6కి 1201. ఇది రౌటర్‌కీ కన్సోల్‌కీ మధ్య గాలిలో నడిచే వేగం. గేమ్ డౌన్‌లోడ్‌లో చేతికొచ్చేది ఒకే గదిలో ఉంటే అందులో సగం, కాస్త అటూ ఇటూ. గోడ అడ్డొస్తే ఇంకా తగ్గుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద ఒకే యాంటెన్నా ఉన్న 802.11ఎన్ రేడియోకి 20 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో లింక్ స్పీడే 72 ఎంబీపీఎస్. చుట్టూ పదిహేను ఫ్లాట్ల రౌటర్లు మోగే అపార్ట్‌మెంట్‌లో అందులో సగం దక్కినా గొప్పే.

దీని ప్రభావం ఎక్కువగా కనపడేది డౌన్‌లోడ్‌లోనే. 100 జీబీ గేమ్ దిగడానికి 40 ఎంబీపీఎస్ మీద సుమారు ఐదున్నర గంటలు పడుతుంది. 100 ఎంబీపీఎస్ మీద రెండుంబావు గంటలు, 300 మీద ముప్పావుగంట. ఆన్‌లైన్ మ్యాచ్ ఆడటానికి మాత్రం ఇంత వేగం అక్కర్లేదు, చాలా గేమ్‌లకు ఒక ఎంబీపీఎస్ లోపే సరిపోతుంది. అక్కడ చూడాల్సింది పింగ్ (డేటా అవతలికి వెళ్ళి జవాబు తిరిగొచ్చే సమయం) నిలకడగా ఉందా, ప్యాకెట్లు (డేటా ముక్కలు) మధ్యలో పోతున్నాయా అన్నది. సెకనుకు 60 ఫ్రేముల గేమ్‌లో ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. వైఫై ఒక్క ప్యాకెట్‌ని మూడుసార్లు తిప్పి పంపాల్సి వచ్చి 50 మిల్లీసెకన్లు ఆలస్యమైతే, ఎదుటివాడు మూడు ఫ్రేములు ముందున్నట్టే. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాక కూడా ల్యాగ్ ఎందుకొస్తోందని అడిగేవాళ్ళకు జవాబు ఇదే. ప్లాన్ పెంచితే డౌన్‌లోడ్ త్వరగా అవుతుంది తప్ప పింగ్ కుదురుకోదు.

పీఎస్5

2020 నవంబర్‌లో వచ్చిన మొదటి మోడల్ నుంచే వైఫై 6, బ్లూటూత్ 5.1, గిగాబిట్ ల్యాన్ పోర్టు ఉన్నాయి. 2023లో వచ్చిన స్లిమ్‌లోనూ అవే. వైఫై 6 గొప్పతనం వేగంలో కంటే రద్దీని తట్టుకోవడంలో ఉంది. ఇంట్లో నాలుగు ఫోన్లు, రెండు టీవీలు, ఒక ల్యాప్‌టాప్ ఒకేసారి నడుస్తున్నప్పుడు రౌటర్ ఒకే ఛానల్‌ని ముక్కలు చేసి అందరికీ పంచగలదు. అయితే రౌటర్ కూడా వైఫై 6 అయితేనే ఈ లాభం. వైఫై 5 రౌటర్‌తో కలిపితే పీఎస్5 కూడా వైఫై 5 లాగే నడుస్తుంది.

పీఎస్5లో బాగా నచ్చే సౌకర్యం బ్యాండ్ ఎంచుకునే వీలు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, మళ్ళీ సెట్టింగ్స్, సెటప్ ఇంటర్నెట్ కనెక్షన్ దాకా వెళ్ళండి. కనెక్ట్ అయి ఉన్న వైఫై పేరు మీద ఉంచి కంట్రోలర్‌లో ఆప్షన్స్ బటన్ నొక్కితే వైఫై ఫ్రీక్వెన్సీ బ్యాండ్స్ అని వస్తుంది. అక్కడ ఆటోమేటిక్ తీసేసి 5 గిగాహెర్ట్జ్ పెట్టేయండి. రెండు బ్యాండ్లకూ ఒకటే పేరు పెట్టిన రౌటర్లు కన్సోల్‌ని ఒక్కోసారి 2.4 మీదకు తోసేస్తాయి, దాంతో మ్యాచ్ మధ్యలో పింగ్ ఎగిరిపడుతుంది. ఈ ఒక్క మార్పుతో సగం ఫిర్యాదులు తీరిపోతాయి.

లోటు ఎక్కడంటే, అదే మెనూలో ఉన్న కనెక్షన్ టెస్ట్ డౌన్‌లోడ్, అప్‌లోడ్, నాట్ టైప్ (బయటి కన్సోళ్ళు మీ కన్సోల్ దాకా ఎంత సులువుగా రాగలవన్నది) చూపిస్తుంది గానీ పింగ్, ప్యాకెట్ లాస్ చూపించదు. గేమర్‌కి కావాల్సిన ఆ రెండు అంకెలే అందులో లేవు. బ్లూటూత్ ఉంది కదా అని మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కలుపుదామంటే అవి నేరుగా కలవవు. యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే హెడ్‌సెట్ వాడాలి, లేదా కంట్రోలర్‌లో 3.5 ఎంఎం జాక్ గుచ్చాలి.

పీఎస్5 ప్రో సంగతి ప్రత్యేకం. 2024 నవంబర్ 7న విడుదలైన ఈ మోడల్‌లో వైఫై 7 పెట్టారు. సరిగ్గా అందుకే అది అప్పుడు మన దేశానికి రాలేదు. వైఫై 7 వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి ఇంకా అనుమతి లేని దేశాల్లో, భారత్‌తో సహా, ప్రో అమ్మబోమని సోనీయే ప్రకటించింది. 2025 మేలో టెలికాం శాఖ 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న కింది భాగాన్ని లైసెన్స్ లేకుండా వాడుకోనివ్వడానికి ముసాయిదా నిబంధనలు వెలువరించింది. అమెరికా నుంచో దుబాయ్ నుంచో చుట్టాలతో ప్రో తెప్పించుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇంట్లో 6 గిగాహెర్ట్జ్ ఇచ్చే రౌటర్ లేనప్పుడు ప్రో కూడా మామూలు పీఎస్5 కూర్చునే 5 గిగాహెర్ట్జ్ మీదే కూర్చుంటుంది. వైఫై కోసమే అయితే ప్రో తెప్పించుకోవడం దండగ. అమెరికాలో 6 గిగాహెర్ట్జ్ రౌటర్ ఉన్న మనవాళ్ళకు మాత్రం, ముఖ్యంగా అపార్ట్‌మెంట్లలో, అది నిజంగా పనికొస్తుంది. ఆ బ్యాండ్‌లో పక్కింటి రౌటర్ల గోల చాలా తక్కువ. కాకపోతే 6 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో 5 కంటే బలహీనం, కాబట్టి రౌటర్ అదే గదిలో ఉండాలి.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్

రెండింటిలోనూ రెండు యాంటెన్నాల వైఫై 5, గిగాబిట్ ల్యాన్ ఉన్నాయి. 2020లో విడుదలైన కన్సోల్‌లో వైఫై 6 పెట్టకపోవడం పొదుపే తప్ప మరోటి కాదు. అయినా రౌటర్ ఉన్న గదిలోనే పెడితే 300 ఎంబీపీఎస్ ప్లాన్‌ని హాయిగా వాడుకుంటుంది. తేడా తెలిసేది ఇంట్లో పరికరాలు పెరిగినప్పుడే.

ఇది పీఎస్5 కంటే మెరుగని చెప్పదగ్గది పరీక్షల విషయంలో. సెట్టింగ్స్‌లో జనరల్, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌కి వెళ్ళి టెస్ట్ నెట్‌వర్క్ స్పీడ్ అండ్ స్టాటిస్టిక్స్ నొక్కితే లేటెన్సీ (అంటే పింగ్), ప్యాకెట్ లాస్ కూడా చెబుతుంది. ప్యాకెట్ లాస్ సున్నా ఉండాలి. ఒక్క శాతం కనపడినా ఆటలో మనుషులు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి గెంతుతున్నట్టు కనిపిస్తారు. అదే చోట టెస్ట్ మల్టీప్లేయర్ కనెక్షన్ అని ఉంటుంది. డబుల్ నాట్ (రెండు పరికరాలు ఒకదాని వెనక ఒకటి రౌటర్ పనే చేయడం) ఉంటే ఆ మాట తెర మీదే చూపిస్తుంది.

డౌన్‌లోడ్ నత్తనడక నడుస్తుంటే వైఫైని అనుమానించే ముందు వెనకాల గేమ్ ఏదైనా తెరిచి ఉందేమో చూడండి. గేమ్ నడుస్తున్నంతసేపూ ఎక్స్‌బాక్స్ డౌన్‌లోడ్ వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. డౌన్‌లోడ్ క్యూలో సస్పెండ్ మై గేమ్ ఎంచుకున్నా, గేమ్‌ని పూర్తిగా మూసేసినా వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. వైఫై ఉన్నట్టుండి కలవడం మానేస్తే పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకుని పూర్తిగా ఆపి, మళ్ళీ ఆన్ చేయండి. స్లీప్ మోడ్‌లో పడుకోబెట్టి లేపితే పాత కనెక్షన్ వివరాలు అలాగే మిగిలిపోతాయి.

బ్లూటూత్ హెడ్‌సెట్‌కి ఇక్కడా అవకాశం లేదు. వైర్‌లెస్ కావాలంటే ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్ అన్న సొంత పద్ధతికి పనిచేసేవో, ఎక్స్‌బాక్స్ కోసమే చేసిన డాంగిల్‌తో వచ్చేవో కొనాలి.

స్విచ్, స్విచ్ 2

నింటెండో మన దేశంలో స్విచ్‌ని అధికారికంగా అమ్మదు. దొరికేవన్నీ బయటి నుంచి వచ్చినవే, కాబట్టి ఏ మోడలో చూసి కొనడం మీ బాధ్యతే. మొదటి స్విచ్, లైట్, ఓలెడ్ మూడింటిలోనూ వైఫై 5 ఉంది. కాగితం మీద చూస్తే ఎక్స్‌బాక్స్‌తో సమానం. చేతికొచ్చే వేగం మాత్రం దాని దరిదాపుల్లోకి రాదు. సన్నటి బాడీలో యాంటెన్నాలకు చోటు తక్కువ. టీవీకి కలిపే స్టాండ్‌లో, అంటే డాక్‌లో పెట్టినప్పుడు చుట్టూ ప్లాస్టిక్, వెనకాల టీవీ లోహం, పక్కన హెచ్‌డీఎంఐ కేబుల్ చేరి సిగ్నల్‌ని ఇంకా కుంగదీస్తాయి. పైగా నింటెండో పోరాట ఆటల్లో, కార్ రేసుల్లో చాలావరకు మధ్యలో సర్వర్ ఉండదు, ఆటగాళ్ళ కన్సోళ్ళు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒక్కరి వైఫై తడబడితే ఆ మ్యాచ్‌లో ఉన్న అందరి ఆటా తడబడుతుంది. సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌కి వైర్డ్ కనెక్షన్ వాడమని నింటెండోయే సిఫార్సు చేసిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

2021లో వచ్చిన ఓలెడ్ మోడల్ డాక్‌కి ల్యాన్ పోర్టు ఉంది. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 డాక్‌కీ ఉంది, పైగా కన్సోల్‌లో వైఫై 6 పెట్టారు. 2017 డాక్‌కి మాత్రం యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ కొనాలి. అన్ని అడాప్టర్లూ పనిచేయవు. ఏఎస్‌ఐఎక్స్ కంపెనీ ఏఎక్స్88179 చిప్ ఉన్నవి పనిచేస్తాయి, కొనేముందు ఆ చిప్ పేరు చూడండి. లైట్‌కి డాక్ ఉండదు కాబట్టి యూఎస్‌బీ పోర్టులున్న స్టాండ్ కావాలి.

స్విచ్‌లో ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, బైట్లలో) విలువ మొదట్లో 1400 ఉంటుంది, దాన్ని 1500 చేస్తే వేగం రెట్టింపవుతుందని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. అంత అద్భుతం ఏమీ జరగదు, లాభం స్వల్పమే. లోకల్ కేబుల్ ఆపరేటర్ ఇచ్చే నెట్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి డయల్ చేసే పీపీపీఓఈ పద్ధతి ఉంటే ఆ లైన్ మీద గరిష్ఠం 1492. అక్కడ 1500 పెడితే ప్యాకెట్లు రెండు ముక్కలై కొత్త తలనొప్పి మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో ఆడుతున్నప్పుడు స్విచ్ డౌన్‌లోడ్లు ఆపేస్తుంది. అది లోపం కాదు, మంచి ఆలోచనే. పెద్ద గేమ్‌లు రాత్రి స్లీప్ మోడ్‌లో పెట్టి దించుకోండి.

ఈ మూడు కంపెనీల్లో బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌ని నేరుగా ఒప్పుకునేది స్విచ్ ఒక్కటే. 2021 సెప్టెంబర్ అప్‌డేట్‌తో ఆ వీలు వచ్చింది. అయితే అవి కలిపినప్పుడు రెండు వైర్‌లెస్ కంట్రోలర్లకే అనుమతి, మైక్ పనిచేయదు, పక్కన ఉన్న స్విచ్‌తో లోకల్‌గా ఆడటం మొదలుపెడితే ఆడియో తెగిపోతుంది.

పాత కన్సోళ్ళు కొనేవాళ్ళకు

మోడల్ నంబర్ సీయూహెచ్-1000, 1100, 1200 వరసల్లో ఉన్న పీఎస్4కి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప 5 లేదు. ఏ సెట్టింగ్ మార్చినా రాదు, ఎందుకంటే ఆ రేడియోయే అందులో లేదు. 2000 వరస స్లిమ్, 7000 వరస ప్రోల్లో 5 గిగాహెర్ట్జ్, వైఫై 5 ఉన్నాయి. నంబర్ కన్సోల్ మీద అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది, అమ్మేవాళ్ళని ఫోటో అడగండి. ఎక్స్‌బాక్స్ వన్ మొదటి మోడల్‌లో 802.11ఎన్ ఉన్నా 5 గిగాహెర్ట్జ్ అందుతుంది, కాబట్టి అది పీఎస్4 మొదటి మోడల్ కంటే నయం. నింటెండో డీఎస్ లాంటివి డబ్ల్యూఈపీ అనే పాత తాళం ఒక్కటే అర్థం చేసుకుంటాయి. వాటి కోసం ఇంటి వైఫై భద్రత తగ్గించడం ఏ రకంగానూ మంచిది కాదు.

మన ఇళ్ళలో తగిలే చిక్కులు

ఫైబర్ బిగించడానికి వచ్చిన అబ్బాయి గుమ్మం పైన రంధ్రం చేసి, వైరు ఎక్కడికి అందితే అక్కడ బాక్స్ కొట్టి వెళ్ళిపోతాడు. టీవీ, కన్సోల్ ఉండేది లోపలి గదిలోనో, పై అంతస్తులోనో. 5 గిగాహెర్ట్జ్ ఒక ఇటుక గోడ దాటుతుంది, రెండో గోడ దగ్గర నీరసపడుతుంది. ఇనుప చువ్వలున్న ఆర్‌సీసీ స్లాబ్ దాటి పైకి వెళ్ళడం దాని వల్ల కాదు. దారిలో ఇనుప బీరువా ఉంటే చెప్పనక్కర్లేదు. బాక్స్ పెట్టే రోజే ఇంకో పది మీటర్ల ఫైబర్ అడిగి టీవీ గదిలో పెట్టించుకోవడం అన్నిటికంటే చవకైన పరిష్కారం.

బాక్స్ అడుగున ఉన్న స్టిక్కర్ చూడండి. చవక ప్లాన్లతో ఇచ్చేవాటిలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉంటుంది, నాలుగు ల్యాన్ పోర్టుల్లో ఒక్కటే గిగాబిట్, మిగిలినవి 100 ఎంబీపీఎస్. పీఎస్5కి కేబుల్ గుచ్చినా 94 దాటడం లేదంటే, ఒకటి మీరు గుచ్చిన పోర్టు 100దై ఉండాలి, లేదా కేబుల్‌లో నాలుగు జతల్లో ఒకటి తెగి ఉండాలి. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి, నాలుగు తీగలతో లింక్ 100కి పడిపోతుంది. కేబుల్ కొనేటప్పుడు క్యాట్5ఈ అయినా సరే, క్యాట్6 అయినా సరే, అసలు రాగి తీగదే తీసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన రకం కొన్నాళ్ళకు కొనల దగ్గర విరుగుతుంది.

ఛానల్ విషయం. 2.4 మీద 1, 6, 11 తప్ప వేరేది పెట్టవద్దు. 5 మీద 36 నుంచి 48 వరకు గానీ, 149 నుంచి పైకి గానీ పెట్టండి. మధ్యలో ఉన్న 52 నుంచి 144 ఛానళ్ళలో రౌటర్ రాడార్ కోసం చెవి ఒగ్గి ఉండాలి. రాడార్ తగిలిందనుకుంటే ఛానల్ వదిలేస్తుంది, మళ్ళీ మొదలుపెట్టేముందు నిమిషం పాటు మౌనంగా వింటుంది. ఆ నిమిషంలో మ్యాచ్ పోతుంది. ఫోన్‌కి కనపడే 5 గిగాహెర్ట్జ్ పేరు కన్సోల్‌కి కనపడకపోయినా ముందు మార్చి చూడాల్సింది ఛానలే. ఎక్స్‌బాక్స్‌కీ స్విచ్‌కీ రౌటర్‌లో రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెట్టేసి 5దానికే కలపడం సుఖం.

కన్సోల్ పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ పెట్టి వాడేవాళ్ళకు కంట్రోలర్ అప్పుడప్పుడు మాట వినకపోవచ్చు. యూఎస్‌బీ 3 పోర్టులు, కేబుళ్ళ నుంచి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద వెలువడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక సాంకేతిక పత్రంలో చూపించింది. బ్లూటూత్ కంట్రోలర్లు పనిచేసేదీ అక్కడే, పాత వైఫై పనిచేసేదీ అక్కడే. డిస్క్‌ని ఒక అడుగు దూరం జరిపి, కన్సోల్ వైఫైని 5 మీదకు మార్చండి, కంట్రోలర్‌కి దారి ఖాళీ అవుతుంది.

తప్పు వైఫైదా, బయటి లైన్‌దా అని తేల్చడానికి ఒక పని చేయండి. ల్యాప్‌టాప్‌ని కన్సోల్ పక్కనే పెట్టి, అదే వైఫైకి కలిపి, రౌటర్ అడ్రస్‌కి (సాధారణంగా 192.168.1.1) రెండు నిమిషాలు పింగ్ పెట్టండి. జవాబులు 2 నుంచి 5 మిల్లీసెకన్ల దగ్గర స్థిరంగా ఉంటే వైఫై బాగున్నట్టే. మధ్యమధ్యలో 80, 150 అంటూ ఎగిరితే తప్పు ఇంట్లోనే ఉంది, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినా లాభం లేదు. ఇక్కడ అంతా బాగుండి గేమ్‌లో మాత్రం ల్యాగ్ ఉంటే సర్వర్ ఏ దేశంలో ఎంచుకున్నారో చూడండి. హైదరాబాద్ నుంచి ముంబై సర్వర్‌కి, సింగపూర్ సర్వర్‌కి తేడా పదుల మిల్లీసెకన్లలో ఉంటుంది. ఆ దూరాన్ని ఏ రౌటరూ తగ్గించలేదు. సాయంత్రం పూట మాత్రమే పాడవుతుంటే ఇంట్లో ఎవరి ఫోనో ఫోటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కిస్తోందేమో చూడండి. అప్‌లోడ్ నిండిపోతే పింగ్ ఆకాశానికి ఎక్కుతుంది. రౌటర్‌లో క్యూఓఎస్ (వేగాన్ని పంచి, పరిమితి పెట్టే సెట్టింగ్) ఉంటే అప్‌లోడ్ పరిమితిని అసలు వేగంలో 90 శాతం దగ్గర కట్టేస్తే ఇది తగ్గుతుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో రౌటర్ రీస్టార్ట్ అయితే మళ్ళీ నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. రౌటర్‌కి 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. కొనేముందు మీ బాక్స్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు సరిచూసుకోండి.

నాట్ దగ్గర ఇరుక్కుంటే

నెట్ బాగా వస్తున్నా స్నేహితుడి పార్టీలో చేరలేకపోవడం, వాయిస్ చాట్ వినపడకపోవడం లాంటివి వైఫై జబ్బులు కావు. పీఎస్5లో నాట్ టైప్ 3, ఎక్స్‌బాక్స్‌లో స్ట్రిక్ట్, స్విచ్‌లో డీ వచ్చిందంటే బయటి కన్సోళ్ళు మీ కన్సోల్ దాకా రాలేకపోతున్నాయని అర్థం. ఒక కారణం డబుల్ నాట్. కంపెనీ ఇచ్చిన బాక్స్ వెనక మీరు సొంతంగా కొన్న రౌటర్ పెడితే రెండూ రౌటర్ పనే చేస్తుంటాయి. సొంత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌కి (రౌటర్ పని మానేసి వైఫై మాత్రం ఇచ్చే పద్ధతికి) మార్చేయండి. ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే దాని ల్యాన్ అడ్రస్‌ని బాక్స్ ఇచ్చే అడ్రస్‌లతో కలవకుండా 192.168.1.2 లాంటిదానికి మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, బాక్స్ నుంచి వచ్చే కేబుల్‌ని బయటి నెట్ కోసం ఉన్న వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చండి. ఇంట్లో మూలన పడి ఉన్న పాత డ్యూయల్ బ్యాండ్ రౌటర్‌ని ఇలా టీవీ దగ్గర పెట్టుకుంటే, కన్సోల్‌కి అక్కడి నుంచి కేబుల్, గదికి మంచి 5 గిగాహెర్ట్జ్ రెండూ దొరుకుతాయి.

రెండో కారణం సీజీనాట్. కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలా ఇళ్ళకు పంచుతుంది. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు దాని వెనక ఉన్నట్టే. అప్పుడు రౌటర్ సెట్టింగ్స్‌లో పోర్టులు (డేటా లోపలికొచ్చే నంబరు దారులు) ఎన్ని తెరిచినా, ఎక్స్‌బాక్స్ కోసం యూడీపీ 3074, పీఎస్5 కోసం 3478, 3479 అంటూ గంటల తరబడి టైప్ చేసినా ఫలితం సున్నా, ఎందుకంటే మూసుకున్న తలుపు మీ ఇంట్లో లేదు. నెలకు కొంత కట్టి స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఇచ్చే పబ్లిక్ అడ్రస్) తీసుకోవాలి, లేదా కంపెనీ ఐపీ వెర్షన్ 6 ఇస్తుంటే రౌటర్‌లో దాన్ని ఆన్ చేయాలి. ఈ రెండో దారిని ఎక్స్‌బాక్స్ బాగా వాడుకుంటుంది. సీజీనాట్ లేని లైన్ మీద రౌటర్‌లో యూపీఎన్‌పీ (కావాల్సిన పోర్టుల్ని కన్సోలే తెరిపించుకునే సెట్టింగ్) ఆన్ చేస్తే చాలావరకు పని అయిపోతుంది. స్విచ్ కోసం దాదాపు అన్ని యూడీపీ పోర్టులూ తెరవమనే సలహా మాత్రం యూపీఎన్‌పీ పనిచేయనప్పుడే పాటించండి.

రిపీటర్, మెష్, పోర్టల్

ప్లగ్‌లో పెట్టే చవక రిపీటర్ కన్సోల్‌కి వద్దు. అదే రేడియోతో విని, అదే రేడియోతో మళ్ళీ చెబుతుంది కాబట్టి వేగం సగమవుతుంది, పింగ్ పెరుగుతుంది. సిగ్నల్ గీతలు నిండుగా కనపడతాయి, ఆట మాత్రం సాగదు. పేరు గొప్ప ఊరు దిబ్బ. మెష్ (ఇంట్లో అక్కడక్కడా పెట్టిన నోడ్లు కలిసి ఒకే వైఫై ఇచ్చే సెట్) కొంటే టీవీ దగ్గరి నోడ్ వెనక ఉన్న ల్యాన్ పోర్టుకి కన్సోల్‌ని కలపండి, నోడ్ల మధ్య వీలైతే కేబుల్ వేయండి. కరెంటు వైర్ల మీదే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్ల మీద మన ఇళ్ళలో నమ్మకం తక్కువ. రెండు ప్లగ్‌లు వేరే ఫేజుల మీద ఉన్నా, ఒకటి ఇన్వర్టర్ లైన్ మీద ఉన్నా కలవకపోవచ్చు.

ప్లేస్టేషన్ పోర్టల్ (పీఎస్5 ఆటల్ని వైఫై మీద చేతిలో ఆడుకునే పరికరం) కొన్నవాళ్ళకు వైఫై ఇంకా ముఖ్యం, అది పూర్తిగా స్ట్రీమింగ్ మీదే బతుకుతుంది. సోనీ కనీసం 5 ఎంబీపీఎస్ ఉండాలంటుంది, 15 ఉంటే మంచిదంటుంది. ఇంట్లో ఈ అంకె ఎవరికైనా దాటుతుంది. అయినా బొమ్మ ఆగుతుంటే కారణం పీఎస్5 కూడా వైఫై మీదే ఉండటం. ప్రతి ఫ్రేమూ కన్సోల్ నుంచి రౌటర్‌కి ఒకసారి, రౌటర్ నుంచి పోర్టల్‌కి ఇంకోసారి అదే గాలిలో ప్రయాణిస్తుంది. పీఎస్5కి కేబుల్ వేసి పోర్టల్‌ని 5 మీద ఉంచితే తేడా వెంటనే తెలుస్తుంది. రెండు కన్సోళ్ళ మధ్య గేమ్‌లు కాపీ చేసుకునేటప్పుడూ ఇదే సూత్రం. ఎక్స్‌బాక్స్‌లో నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ వాడుతుంటే కనీసం ఒకదానికైనా కేబుల్ ఉండాలి.

హాస్టల్, యూనివర్సిటీ వైఫై

అమెరికాలో, ఇక్కడ కొన్ని కాలేజీల్లో వైఫైకి పాస్‌వర్డ్‌తో పాటు యూజర్‌నేమ్ కూడా అడిగే ఎంటర్‌ప్రైజ్ పద్ధతి ఉంటుంది. పీఎస్5, ఎక్స్‌బాక్స్, స్విచ్ మూడూ దానికి కలవవు. యూనివర్సిటీ ఐటీ విభాగంలో పరికరం రిజిస్టర్ చేసే పేజీ ఉంటే కన్సోల్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు సంఖ్య) ఇవ్వాలి. పీఎస్5లో సెట్టింగ్స్, సిస్టమ్, సిస్టమ్ సాఫ్ట్‌వేర్, కన్సోల్ ఇన్ఫర్మేషన్‌లో ల్యాన్‌దీ వైఫైదీ వేరువేరుగా ఉంటాయి. మీరు వాడబోయేదాన్నే రాయండి, చాలామంది ఒకదాని బదులు ఇంకోటి ఇచ్చి వారాలు ఎదురుచూస్తుంటారు. స్విచ్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, ఇంటర్నెట్ తెర మీదే కనపడుతుంది. ఎక్స్‌బాక్స్‌లో నెట్‌వర్క్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది.

ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడాలంటే ఫోన్‌లో హాట్‌స్పాట్ బ్యాండ్‌ని 5 గిగాహెర్ట్జ్ చేయండి. ఐఫోన్‌లో మ్యాగ్జిమైజ్ కంపాటబిలిటీ ఆన్‌లో ఉంటే అది 2.4 మీదకు వెళ్ళిపోతుంది, ఆఫ్ చేయండి. పీఎస్4 మొదటి మోడల్‌కి మాత్రం అదే ఆన్‌లో ఉండాలి, లేకపోతే హాట్‌స్పాట్ పేరే కనపడదు. ముందుగా కన్సోల్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయండి, లేదంటే ఒక్క గేమ్ అప్‌డేట్‌కే రోజు డేటా మొత్తం ఖర్చవుతుంది.